‘ఇంటి మనిషిలా చూసుకుంటాం’ అని రాసే ముందు

సంపాదకులకు నమస్కారం.

పెద్ద పశుక్షేత్రాల్లో పనికి మనుషులు దొరకడం లేదనీ, దొరికినా నాలుగు నెలలు నిలవడం లేదనీ కొంతకాలంగా మీ లేఖల శీర్షికలో వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిని రాసినవారంతా యజమానులే. నేనూ ఆ కోవకు చెందినదాన్నే. కుటుంబమంతా కలిసి నడుపుకునే ర్యాంచ్‌లో 20 ఏళ్లుగా లెక్కల పుస్తకం నా చేతిలో ఉంది. కొత్తవాళ్లను కుదుర్చుకునేదీ నేనే, వెళ్లిపోయేవాళ్లకు చివరి లెక్క చూసి ఇచ్చేదీ నేనే. ఆ చివరి లెక్క చూసేటప్పుడు మనిషి ఎందుకు వెళ్లిపోతున్నాడో అంతో ఇంతో తెలుస్తుంది. అలా తెలిసినదాన్ని బట్టి చెబుతున్నాను: మాకు మనుషులు దొరక్క కాదు, మేమూ యజమానులమేనన్న సంగతి మేము ఒప్పుకోక ఇబ్బంది పడుతున్నాం.

కుటుంబ క్షేత్రాలవాళ్లు ఇచ్చే ప్రకటనలు చూడండి. జీతం ఎంతో ఉండదు, వారానికి ఎన్ని రోజుల పనో ఉండదు, ఉండడానికి చోటు ఇస్తారో లేదో ఉండదు. ‘కష్టపడే మనిషి కావాలి, ఇంటి మనిషిలా చూసుకుంటాం’ అన్న వాక్యం మాత్రం తప్పకుండా ఉంటుంది. మేమూ చాలాకాలం అలాగే రాశాం, అదీ మనస్ఫూర్తిగానే రాశాం. కానీ ఆ మాట ఆచరణలో ఏమవుతుందో వచ్చినవాడికే తెలుస్తుంది. ఇంటి మనిషికి సెలవు రోజంటూ ఉండదు. ఇంటి మనిషి గంటలు లెక్కపెట్టడు. అర్ధరాత్రి ఆవు నొప్పులు పడుతుంటే ఎవరూ పిలవకుండానే లేచి వెళ్తాడు. ఇవన్నీ కొత్తవాడి నుంచి ఆశిస్తాం. ఇంటి మనిషికి భూమిలో వాటా ఉందనీ, మందలో వాటా ఉందనీ, ఈ ఏడాది పడ్డ కష్టం పదేళ్ల తరవాతైనా అతని పిల్లలకు అందుతుందనీ, జీతానికి వచ్చినవాడికి నెలాఖరున చేతికొచ్చేది తప్ప మరేమీ లేదనీ మాత్రం మరిచిపోతాం.

ఈ గందరగోళం మా ఒక్క ఇంటిది కాదు, చట్టాల్లో కూడా ఉంది. ర్యాంచ్‌లకు పేరుపడ్డ అమెరికానే తీసుకుంటే, అక్కడ పనిగంటలకూ కనీస వేతనానికీ మూలమైన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం 1938లో వచ్చినప్పుడు వ్యవసాయ కార్మికులను పూర్తిగా పక్కన పెట్టింది. 1966 సవరణతో కొందరికి కనీస వేతనం దక్కింది గానీ, ఆ చట్టం కింద ఓవర్‌టైం హక్కు నేటికీ లేదు. అంతకుముందు ఏడాది ఏ మూడు నెలల్లోనూ 500 పనిదినాలకు (ఒక మనిషి ఒక రోజు పనిచేస్తే ఒక పనిదినం) మించి మనుషుల్ని వాడని చిన్న క్షేత్రాలకు కనీస వేతనం నుంచి కూడా మినహాయింపు ఉంది. బయలు మేత భూముల్లో పశువుల వెంట ఉండటమే ముఖ్యమైన పనిగా గల జీతగాళ్లదీ అదే పరిస్థితి. యజమాని భార్యాపిల్లలకు మినహాయింపు ఇచ్చిన సెక్షన్‌లోనే, ఒకే జాబితాలో, ఈ జీతగాళ్లనూ చేర్చారు. ‘ఇంటి మనిషి’ అన్న మాటకు ఇంతకన్నా చేదు అర్థం నాకు కనబడలేదు. అయినా చట్టం అడగలేదు కాబట్టి మనం ఇవ్వనక్కరలేదు అనుకునే యజమాని, పక్క ఊళ్లో గిడ్డంగివాళ్లు గంటల లెక్కన జీతమిచ్చి వారానికి రెండు రోజులు సెలవిస్తుంటే తన దగ్గరికి ఎవరూ రావడం లేదని ఆశ్చర్యపోకూడదు.

మా ఇంట్లో జరిగినది చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక యువకుడిని పెట్టుకున్నాం. పశువుల దగ్గర నెమ్మది, మాట తక్కువ, చేతిపని శుభ్రం. మూడో నెలలో ఒక రోజు పొద్దున్నే మా మామగారు అతన్ని పిలిచి, ఎగువ మేతలో ఉన్న చూడి ఆవులను దిగువకు తోలుకురమ్మన్నారు. అతను గుర్రానికి జీను కడుతుండగా నా భర్త వచ్చి, ఉత్తరం వైపు కంచె తెగిందనీ ముందు దాని సంగతి చూడమనీ చెప్పారు. అతను జీను విప్పి, తీగ చుట్టలూ కటింగ్ ప్లేయరూ బండిలో వేసుకుని గేటు దాకా వెళ్లాడో లేదో నేను ఎదురుపడి, పశువైద్యుడు పది గంటలకు వస్తాడు కనుక పడ్డలన్నిటినీ దొడ్డిలోకి చేర్చమన్నాను. ముగ్గురం మంచి మాటతోనే చెప్పాం, ఎవరి పని వారికి అత్యవసరమే. సాయంత్రానికి మూడు పనులూ సగం సగం మిగిలాయి. మామగారు ఒకటి అన్నారు, నా భర్త మరొకటి అన్నారు, నేను ఏమీ అనలేదు గానీ నా ముఖమే చెప్పి ఉంటుంది. ఆ రాత్రి అతను బండిలో తీగ చుట్టలను ఎక్కడివక్కడ సర్ది, గుర్రానికి నీళ్లు పెట్టి, మర్నాడు ఉదయం నా దగ్గరికి వచ్చి లెక్క చూడమన్నాడు. కారణం అడిగాను. “ఎవరి మాట వినాలో తెలియడం లేదండీ” అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

జీతం తక్కువై వెళ్లాడనుకోవడానికి లేదు, పని బరువై వెళ్లాడనుకోవడానికీ లేదు. నిజానికి మా ముగ్గురికీ మధ్య ఏళ్ల తరబడి తేలని ఒక విషయం, అంటే ఇక్కడ నిర్ణయం ఎవరిది అన్న విషయం, ఆ పిల్లవాడి నెత్తిన పడింది. తండ్రి ఇంకా పగ్గాలు వదలడు, కొడుకు అవి తన చేతికి వచ్చాయనే అనుకుంటాడు, కోడలు డబ్బు లెక్క చూస్తుంది కనుక తన మాట చెల్లాలంటుంది. కుటుంబ క్షేత్రాల్లో ఈ కథ చాలా మామూలు. మాలో మేము వాదించుకుని, అలిగి, రాత్రి అన్నం దగ్గర మళ్లీ కలుస్తాం. జీతగాడికి ఆ వీలు లేదు. ఆ తరవాత ఇంట్లో పెద్ద రగడే జరిగింది. చివరికి పనివాడికి పని చెప్పేది ఒక్కరేననీ, మిగతావాళ్లు తమకు కావలసింది ఆ ఒక్కరికే చెప్పాలనీ, పొద్దున్నే దొడ్డి పక్కన పలక మీద ఆనాటి పనులు ముందు వెనుకల వరసలో రాయాలనీ తేల్చుకున్నాం. మామగారు దీనికి అలవాటు పడటానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ అప్పుడప్పుడు సుద్దముక్క తీసుకుని అడుగున తన పని ఒకటి చేరుస్తుంటారు. చూసీ చూడనట్టు ఊరుకుంటాం.

ఇక మనిషిని ఎంచుకోవడం. అనుభవం ఎన్నేళ్లు అన్న ప్రశ్న దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు. అనుభవం కావలసిందే, కానీ పదేళ్లు తప్పుగా చేసిన అనుభవం ఉన్నవాడికన్నా ఏమీ తెలియకుండా వచ్చి కళ్లు తెరుచుకుని ఉండేవాడే నయమని నాకు రెండు మూడుసార్లు రుజువైంది. అందుకే ఇప్పుడు కొత్తవాడితో కుర్చీలో కూర్చుని మాట్లాడటం తగ్గించి, అతనితో కలిసి మేత భూమిలో ఒక పూట తిరుగుతున్నాం. మొదటి గేటు దగ్గరే సగం విషయం తెలిసిపోతుంది. మూసి ఉన్న గేటును దాటాక మూస్తాడా, తెరిచి ఉన్నదాన్ని తెరిచే ఉంచుతాడా, లేక ఎందుకు తెరిచి ఉందని అడుగుతాడా? తెరిచి ఉన్న గేటును మంచి ఉద్దేశంతో మూసేసి, మందను నీటి తొట్టికి దూరం చేసినవాళ్లు ఉన్నారు. అడిగేవాడు దొరికితే అదృష్టం.

తరవాత చూడవలసింది పశువుల మధ్య అతని నడక. ఆవుకు దాదాపు తన చుట్టూ అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనుక తప్ప. దాని చుట్టూ మన కంటికి ఆనని ఒక హద్దు ఉంటుంది. మనం ఆ హద్దు లోపలికి అడుగు వేస్తే అది కదులుతుంది, మనం వెనక్కి తగ్గితే ఆగుతుంది. భుజానికి వెనుక పక్క నుంచి దగ్గరైతే ముందుకు నడుస్తుంది, భుజం దాటి ముందుకు వస్తే వెనక్కి తిరుగుతుంది. అమెరికాకు చెందిన పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ దశాబ్దాలుగా చెబుతూ వచ్చింది ఇదే. దీన్ని తెలిసినవాడు అరవడు, కర్ర ఎత్తడు, పరుగెత్తడు. రెండడుగులు ఇటు, ఒక అడుగు అటు వేసి నలభై పశువులను గేటు దాటిస్తాడు. తెలియకపోయినా ఫరవాలేదు, ఒకసారి చూపిస్తే పట్టుకున్నాడా లేదా అన్నదే ముఖ్యం. ఒకతను గుర్రపుస్వారీలో ఆరితేరినవాడు, మా పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. కానీ దొడ్డిలోకి దిగగానే ఈలలూ కేకలూ మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి పడ్డలు బెదిరి ఒకటి కంచె మీద పడింది. అతన్ని పెట్టుకోలేదు. అదే ఏడాది వచ్చిన ఇంకొకామె అంతకుముందు పశువుల పని చేసిందే లేదు. మాతో నడుస్తూ నడుస్తూ ఆగి, “ఆ ఎర్రావు ఒక్కటే ఎందుకు విడిగా నిలబడింది?” అంది. మేము ముగ్గురం ఆ ఆవు పక్కనుంచే వచ్చాం, ఎవరమూ చూడలేదు. అది ఆ రాత్రి ఈనింది. ఆమె నాలుగేళ్లు మా దగ్గర ఉంది.

అలా తిరిగే పూటకైనా, ఆ తరవాతి పరీక్ష రోజులకైనా డబ్బివ్వాలి. ‘పని ఎలా చేస్తాడో చూద్దాం’ అని వారం రోజులు ఉచితంగా కంచెలు బాగుచేయించుకుని పంపేసే యజమానులు ఉన్నారని ఆ మనుషులే మాకు చెప్పారు. ఇక దాని గురించి చెప్పేదేముంది.

మంచి మనిషి దొరికాక మొదటి నెలలోనే నేర్పవలసినవి కొన్ని ఉంటాయి, వాటిని అతనికే వదిలేయకూడదు. ఈనే కాలం అందులో మొదటిది. ఆవు చూలు మోసేది సగటున 283 రోజులు కనుక, ఆబోతును మందలో వదిలిన తేదీ లెక్కల పుస్తకంలో ఉంటే ఈనే వారాలు ముందే తెలుస్తాయి. కొత్త మనిషిని ఆ వారాలకు కనీసం రెండు నెలల ముందు తెచ్చుకోవాలి. మేము మొదట్లో చేసిన పొరపాటు, ఈతలు మొదలయ్యాక చేతులు చాలక ఎవరినో ఒకరిని పట్టుకురావడం. అప్పుడు నేర్పే ఓపిక మాకుండదు, అడిగే ధైర్యం అతనికుండదు. ఉమ్మనీటి సంచి కనబడిన తరవాత గంట దాటినా ఈత ముందుకు సాగకపోతే మమ్మల్ని లేపాలి, ఏ వేళ అయినా సరే. దూడ పుట్టిన మొదటి రెండు గంటల్లో ముర్రుపాలు తాగిందా లేదా చూడాలి. ఆరు గంటలు దాటితే ఆ పాలలోని రక్షణను దూడ పేగు ఒంటబట్టించుకునే శక్తి బాగా తగ్గిపోతుంది, ఒక రోజు గడిచాక దాదాపు ఉండదు. ఈ రెండు మాటలూ కాగితం మీద రాసి పశువుల కొట్టం తలుపుకు అంటించాం. ‘నన్ను లేపినందుకు ఎవరూ విసుక్కోరు’ అని అడుగున నా భర్త చేత రాయించాను. తొలిచూలు పడ్డను చూస్తూ తెల్లవారేదాకా ఒంటరిగా కూర్చున్న కొత్తవాడు, లేపితే తిడతారేమోనన్న భయంతో దూడను పోగొట్టిన రాత్రి ఒకటి మా లెక్కల్లో ఉంది. తప్పు అతనిది కాదు. లేపవచ్చునని మేము చెప్పలేదు.

రెండోది ప్రాణానికి సంబంధించినది. గనులు, భవన నిర్మాణం, వ్యవసాయం, ఈ మూడూ అత్యంత ప్రమాదకరమైన రంగాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతుంది. వ్యవసాయంలో భద్రత కోసమే 2001లో 184వ ఒడంబడికను తెచ్చింది. అయినా కుటుంబ క్షేత్రంలో భద్రత అంటే ‘జాగ్రత్తగా చెయ్యి’ అన్న మాటతో సరి. అమెరికాలో పదిమంది లేదా అంతకు తక్కువ మంది పనిచేసే క్షేత్రాల్లో కార్మిక భద్రతా సంస్థ తన నిబంధనలను అమలు చేయడానికి ఖర్చుపెట్టకూడదని 1970ల నుంచి అక్కడి చట్టసభ బడ్జెట్‌లోనే షరతు పెడుతోంది. అంటే చూసేవాడెవడూ రాడు, మనమే చూసుకోవాలి. పశువుల ఊపిరితిత్తుల జబ్బుకు వాడే టిల్మికోసిన్ అనే ఇంజెక్షన్ మందు ఉంది. పశువుకు ప్రాణం పోసే ఆ మందు, బోనులో పశువు ఒక్క కుదుపు కుదిపినప్పుడు సూది జారి మనిషికి గుచ్చుకుంటే గుండె మీద పనిచేస్తుంది, ప్రాణం తీయగలదు, విరుగుడు లేదు. దాన్ని నిన్న వచ్చిన మనిషి చేతికి, సీసా మీద ఏముందో చదివి చెప్పకుండా ఇచ్చే ఇళ్లు నాకు తెలుసు. నాలుగు చక్రాల క్వాడ్ బైక్ సంగతీ అంతే. ఆస్ట్రేలియా పొలాల్లో ప్రాణాలు తీసేవాటిలో అది ముందు వరసలో ఉండబట్టే, 2021 అక్టోబరు నుంచి బోల్తా పడినప్పుడు మనిషి నలగకుండా కాపాడే చట్రం లేనిదే కొత్త బండి అమ్మకూడదని ఆ దేశం నిబంధన పెట్టింది. మా పిల్లలు దాని మీద పెరిగారు కనుక మాకు అది ఆటవస్తువులా కనిపిస్తుంది. కొత్తవాడు ‘నడపడం వచ్చు’ అంటాడు. రాదంటే పని పోతుందని అతని భయం. రాదని చెప్పినవాడిని మెచ్చుకునే ఇల్లయితేనే ఎవరైనా నిజం చెబుతారు.

ఉండే చోటు గురించి క్లుప్తంగా రాస్తాను. గది ఇస్తే దానికి వేరే తలుపు, లోపలి నుంచి గడియ ఉండాలి. పని మానితే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలో ముందే కాగితం మీద ఉండాలి. కోపంతో అన్న ఒక మాటకు మనిషి ఉద్యోగాన్నీ గూడునూ ఒకే రాత్రి పోగొట్టుకోకూడదు. వారంలో అతనిదైన రోజున, ‘ఒక్క నిమిషం’ అంటూ ఆ తలుపు తట్టకూడదు. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టమని ఒప్పుకుంటున్నాను.

ఇవన్నీ చదివి, ఇంత ఖర్చు చిన్న క్షేత్రానికి ఎక్కడ సాధ్యం అని అడిగేవారికి నా దగ్గర సులువైన సమాధానం లేదు. దూడలు పెంచి అమ్మే క్షేత్రానికి ఏడాదికోసారి డబ్బు వస్తుంది, జీతం మాత్రం నెల నెలా ఇవ్వాలి. మందలో ఉంచుకున్న పెయ్యదూడ పదిహేను నెలలకు కట్టి, రెండేళ్లకు ఈని, దాని దూడ పాలు మరిచి సంతకు వెళ్లేసరికి రెండున్నరేళ్లు దాటుతుంది. అంతవరకూ దాని మీద ఖర్చే. వర్షం మొహం చాటేస్తే మేత కొనాలి. లెక్కల పుస్తకం పట్టుకున్నదాన్ని కనుక ఇది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే కొందరు రెండు పొరుగు క్షేత్రాలవాళ్లు కలిసి ఒకే మనిషిని పెట్టుకుని, వారాన్ని పంచుకుంటున్నారు. ఇంకొందరు జీతంలో కొంత భాగానికి బదులు, జీతగాడి సొంత ఆవులు నాలుగైదింటిని తమ మందతో పాటే మేపుకోనిస్తున్నారు. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే అప్పుడు మందలో అతనికీ నిజంగా వాటా ఉంటుంది. అయితే ఆవులు ఎన్ని, మేత ఎవరిది, చస్తే నష్టం ఎవరిది, మానివేసినప్పుడు ఎప్పటిలోగా తోలుకుపోవాలి అన్నవి రాసుకోకపోతే అదే తగాదా అవుతుంది. ఇక జీతం కాగితాలకెక్కితే నమ్మకం పోతుందనేవారి సంగతి: మా ఇంటి అన్నదమ్ములే భూమి పంపకాల కాగితాన్ని పెట్టెలో తాళం వేసి దాచుకున్నారు. మాకు అవసరమైన కాగితం జీతగాడికి ఎందుకు అవసరం లేదో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మీ పత్రికను కోరేది ఒకటే. ఆదివారం అనుబంధంలో పశుక్షేత్రాల పనుల ప్రకటనలు మీరు వేస్తున్నారు. ఆ ప్రకటన ఫారంలో నాలుగు గళ్లు తప్పనిసరి చేయండి: నెల జీతం ఎంత, వారానికి సెలవు ఎన్ని రోజులు, ఉండే చోటు ఇస్తారా, పని చెప్పేది ఎవరు. నాలుగూ నింపని ప్రకటనను తిప్పి పంపండి. మొదటి మూడు నెలలూ మీకు ప్రకటనలు తగ్గవచ్చు, మా వాళ్ల నుంచి కోపంగా ఉత్తరాలూ రావచ్చు. మా క్షేత్రానికి ఈ చలికాలం చివర ఈతలు మొదలయ్యేలోగా ఒక మనిషి కావాలి. నాలుగు గళ్లూ నింపిన మా ప్రకటనను, రుసుముతో సహా, ఈ ఉత్తరంతో పాటే జతచేసి పంపుతున్నాను.

ఇట్లు,
ఒక పశుక్షేత్రంలో లెక్కలు చూసే పాఠకురాలు